మన్రో దొర టీమూ, బ్రౌన్ దొర టీమూ

కొన్నేళ్ళ కిందట నేనొక కంపెనీ మానేశాను. ఐదేళ్ళు టీమ్ లీడ్‌గా చేశానక్కడ. వీడ్కోలు రోజున కేక్ కోశాక మా మేనేజరు అందరి ముందూ నా భుజం మీద చెయ్యేసి, నువ్వు లేకపోతే ఈ ప్రాజెక్టే లేదన్నాడు. లోపల పొంగిపోయాను. ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా చెప్పుకున్నాను.

ఆర్నెల్లు తిరిగేసరికి ఆ టీమ్‌లో సగం మంది వెళ్ళిపోయారు. ఏడాదికల్లా మేం రాసిన మాడ్యూల్ మొత్తం పక్కన పడేసి కొత్తగా రాసుకున్నారని తెలిసింది. అప్పటి జూనియర్ ఒకతను, మా కడప కుర్రాడే, ఫోన్లో మాటల మధ్య అనేశాడు: "ఏమనుకోవద్దన్నా. నువ్వు మాకు నేర్పలే. కష్టమైందంతా రాత్రికి రాత్రి నువ్వే చేసి పెట్టేస్తాంటివి. నువ్వు పోయినాక మాకేం తెలుసు?"

కోపం వచ్చింది. రెండు రోజులు పోయాక సిగ్గేసింది. అప్పట్నుంచీ నాకొక ప్రశ్న పట్టుకుంది. బలమైన టీమ్ అని దేన్ని అనాలి? లీడ్ ఉన్నన్నాళ్ళూ డెడ్‌లైన్లు తప్పని టీమ్‌నా, లీడ్ పోయాక కూడా నిలబడే టీమ్‌నా?

ఈ ప్రశ్నకి మేనేజ్‌మెంట్ పుస్తకాలు చాలానే తిరగేశాను. అన్నిట్లోనూ జపాన్ కార్ల ఫ్యాక్టరీలూ, అమెరికా కంపెనీలే. చివరికి నాకు కాస్త తృప్తినిచ్చిన జవాబు మా సీమలోనే దొరికింది. ఒకటి కాదు, రెండు కథలు. రెండోదానికి మొదటిదానితో చిన్న చుట్టరికం కూడా ఉంది. ఉపోద్ఘాతం ఎక్కువైనట్టుంది, అసలు విషయంలోకి వద్దాం.

మా ఊరికి పత్తికొండ మీదుగానే పోవాలి. ఆ పత్తికొండలోనే 1827 జులై 6న సర్ థామస్ మన్రో కలరా సోకి చనిపోయాడు. అప్పటికాయన మద్రాసు గవర్నరు. ఉద్యోగం ముగించుకుని ఇంగ్లండు వెళ్ళిపోయేముందు, ఒకప్పుడు తను కలెక్టరుగా పనిచేసిన జిల్లాల్ని ఆఖరిసారి చూసి పోదామని బయల్దేరాడు. వెనక్కి పోలేదు. గుత్తిలో పాతిపెట్టారు, తర్వాత అస్థికలు మద్రాసు తీసుకుపోయారు. పత్తికొండలో ఆయన పేరు మీద తోపు వేశారు, బావి కట్టించారు. మా వైపు మన్రోలప్ప అని పిల్లలకి పేర్లు పెట్టుకున్నారు. చనిపోయేముందు గండిలో కొండల మధ్య బంగారు తోరణం ఆయనకొక్కడికే కనిపించిందని కడప వైపు కథ చెప్పుకుంటారు. మంత్రాలయం కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దొర అనేవాడు మా వైపు దాదాపు దేవుడైపోయాడు.

నేను చెప్పబోయేది ఆ దేవుడి గురించి కాదు. ఆయన దగ్గర పనిచేసిన నలుగురు గుమాస్తాల గురించి.

1800లో నిజాం, కుంపిణీ సైన్యం ఖర్చుల కింద, బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాల్నీ ఇప్పటి కర్నూలు జిల్లాలో కొంత భాగాన్నీ ఇంగ్లీషువాళ్ళకి రాసిచ్చేశాడు. అవే దత్తమండలాలు. (రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభల్లో గానీ రాలేదు. కర్నూలు పట్టణమూ నంద్యాలా అప్పటికింకా నవాబు కిందే ఉన్నాయి, 1839లో కుంపిణీ చేతికొచ్చాయి.) ఈ కొత్త ప్రాంతానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు మన్రో. ఆయన కింద నలుగురు సబ్ కలెక్టర్లు. ఎదురుగా ఎనభై మంది దాకా పాళెగాళ్ళు. ఎవరి పొలం ఎంతో, ఎవరు ఎంత కట్టాలో సరైన లెక్క లేదు. ఉన్న లెక్కలు కరణాల దగ్గరున్నాయి, వాటిల్లో ఏది దాచారో ఏది చూపారో దేవుడికే తెలియాలి. మన భాషలో చెప్పాలంటే, డాక్యుమెంటేషన్ లేని లెగసీ సిస్టమ్ ఒకటి చేతిలో పెట్టి, నడుపుతూనే బాగుచెయ్యమన్నారు.

మన్రో పొలాలన్నీ కొలిపించాలనుకున్నాడు. పైమాషు అనేవాళ్ళు దాన్ని. 1802 జూన్‌లో పని మొదలైంది. మొదలుపెట్టినవాళ్ళెంతమంది? నలుగురు. కచేరీలో పనిచేసే నలుగురు గుమాస్తాలు. అంత పెద్ద దత్తమండలాల్లో భూమి కొలవడం తెలిసినవాళ్ళు ఆ నలుగురే దొరికారని మన్రోనే తన రిపోర్టులో రాసుకున్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీకూ నాకూ ఇలాంటి ప్రాజెక్టు ఇస్తే ఏం చేస్తాం? బయటనుంచి అనుభవజ్ఞుల్ని తెమ్మని హెచ్.ఆర్. వెంటపడతాం. లేదా ఆ నలుగురి చేతే పగలూ రాత్రీ చేయిస్తాం. నేనైతే ఐదోవాడిగా నేనే గొలుసు పట్టుకుని పొలంలోకి దిగేవాణ్ణి.

అక్కడ జరిగింది వేరు. ఆ నలుగురూ కొలుస్తూనే, ఊళ్ళవాళ్ళు కొందరికి నేర్పారు. నేర్చుకున్నవాళ్ళని వెంటనే పనిలో పెట్టారు. వాళ్ళ పక్కన మళ్ళీ కొత్తవాళ్ళు. అలా పెరుగుతూ పెరుగుతూ సర్వేయర్లు వంద మందయ్యారు. పదేసి మందిని ఒక జట్టుగా చేసి, జట్టుకొక హెడ్ సర్వేయర్ని పెట్టారు. కొలిచే పద్ధతిని కూడా ఎవరైనా నేర్చుకోగలిగేంత తేలిక చేశారు. 33 అడుగుల గొలుసు. ఆ గొలుసు పొడవూ అంతే వెడల్పూ ఉన్న చదరాలు నలభై అయితే ఒక ఎకరం. చేసి చూడండి, సరిగ్గా 43,560 చదరపు అడుగులొస్తాయి. పెద్ద లెక్కలు రానివాడు కూడా కొలవగలడు, ఇంకొకడు సరిచూడగలడు.

జీతాల సంగతి ఇంకా బాగుంటుంది. మొదట్లో సర్వేయర్లకి నెల జీతమిచ్చేవాళ్ళు. పని చేతికొచ్చాక ఎకరాల లెక్కన ఇవ్వడం మొదలుపెట్టారు. ఎకరాల లెక్కన ఇస్తే ఏమవుతుంది? పని పరుగెత్తుతుంది, కొలతలు తప్పుతాయి. రాసిన కోడ్ లైన్ల లెక్కన జీతమిస్తే మనమేం చేస్తామో వాళ్ళూ అదే చేస్తారు. అందుకని హెడ్ సర్వేయర్లకి మాత్రం నెల జీతమే ఉంచారు. తన జట్టు కొలిచిన పొలాల్లో కొన్నిటిని మళ్ళీ కొలిచి సరిచూడటం వాళ్ళ పని. ఎక్కువ ఎకరాలయితే వాళ్ళకి ఒక్క కాసు కూడా అదనంగా రాదు కాబట్టి తొందరపడాల్సిన పనీ లేదు. చేసేవాడికి ఒక రకం జీతం, చూసేవాడికి ఇంకో రకం జీతం. డెవలపర్‌కీ టెస్టర్‌కీ ఒకే టార్గెట్ పెట్టి, తర్వాత క్వాలిటీ ఎందుకు లేదని మీటింగులు పెట్టే కంపెనీల్లో చేశాను నేను. 1802లో దత్తమండలాల కచేరీలో తట్టిన సంగతి అక్కడెవరికీ తట్టలేదు.

కొలత అయ్యాక భూమికి తరగతి కట్టాలి. నల్లరేగడా, ఎర్రనేలా, చౌడా, మెట్టా, తరీనా? ఇది గొలుసుతో తేలే విషయం కాదు. దీనికి వేరే జట్లు. వీళ్ళు ఊరికొచ్చి రెడ్డినీ కరణాన్నీ పేరున్న రైతుల్నీ కూర్చోబెట్టుకుని, వాళ్ళు చెప్పినదాన్ని బట్టే ఏ పొలం ఏ తరగతో రాసుకునేవాళ్ళు. ఏ చెలక ఎంత పండుతుందో దున్నేవాడికి తెలిసినట్టు కలెక్టరుకేం తెలుసు? పైగా రైతులు ఒకరి పొలం గురించి ఇంకొకరు చెప్పేటప్పుడు అబద్ధం ఎక్కువసేపు నిలవదు. ఇక మన్రో సంగతి. ఆ ఏడేళ్ళలో ఎక్కువ కాలం బంగళాలో లేడు, డేరాల్లోనే ఉన్నాడు. ఊరూరూ తిరుగుతూ ఫిర్యాదులు వింటూ గడిపాడు.

ఇంతవరకూ చదివితే ఏదో లీడర్‌షిప్ ట్రైనింగులో చెప్పే కథలా ఉంది కదా? ఇక్కడితో ఆపేస్తే సగం అబద్ధం చెప్పినవాణ్ణవుతాను.

ఆ జట్లు ఏం కోసం కొలిచాయి? పన్ను కోసం. ఎవరి కోసం? కుంపిణీ కోసం. 1801లో మా ఆదోని వైపు తెర్నేకల్లు జనం పన్ను విషయంలో తిరగబడితే, కుంపిణీ సైన్యం ఊరిమీదికొచ్చింది. మన్రో డేరా వెనకాల ఎప్పుడూ ఆ సైన్యం ఉంది. కొలత ఎంత సరిగ్గా ఉన్నా, దాని మీద కట్టిన రేట్లు మా నేలకి మోయలేనివి. వాన పడితే పంట, లేకపోతే అప్పు. అలాంటి చోట కొలత బాగుందని రైతు కడుపు నిండదు. టీమ్ ఎంత గట్టిదైనా, చెయ్యమన్న పనే తప్పయితే, గట్టి టీమ్ ఆ తప్పుని ఇంకా గట్టిగా చేస్తుంది. ఇది మన ఫీల్డులో అందరం గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

మన్రోకి నేను ఒక్క విషయంలో మార్కులు వేస్తాను. 1807లో, సర్వే పూర్తయ్యాక, ఆయనే పైవాళ్ళకి రాశాడు: ఈ రేట్లు ఎక్కువ, నూటికి ఇరవై అయిదు తగ్గించండి, బావుల కిందా చెరువుల కిందా ఉన్న భూములకి ఇంకొంచెం తగ్గించండి అని. తన టీమ్ ఐదేళ్ళు చెమటోడ్చి తయారుచేసిన దాని మీద, దీన్ని ఇలాగే అమలు చెయ్యొద్దని తనే రాయడం చిన్న విషయం కాదు. మన ప్రాజెక్టుల్లో డెమో అయిన మర్నాడు ఎంతమందిమి అలా ఒప్పుకున్నాం?

పైవాళ్ళు వినలేదు. మన్రో అదే ఏడు సెలవు మీద ఇంగ్లండు వెళ్ళిపోయాడు. రైతుతో నేరుగా లెక్క తేల్చుకునే పద్ధతి తీసేసి, ఊళ్ళకి ఊళ్ళు గుత్తకిచ్చారు. ముందు మూడేళ్ళ గుత్తలు, తర్వాత పదేళ్ళ గుత్తలు. చాలామంది గుత్తదార్లు దివాలా తీశారు, రైతులు నలిగిపోయారు. 1820లో మన్రో గవర్నరుగా తిరిగొచ్చాక గానీ ఆ పాతిక శాతం తగ్గింపు రాలేదు. అప్పుడు మళ్ళీ రైతువారీ పెడదామంటే ఎకరాల లెక్క ఎక్కడిది? ఆ వంద మంది కొలిచి పెట్టిన పైమాషు లెక్కలే. మేనేజ్‌మెంట్ మారింది, పాలసీ మారింది, కొలత మిగిలింది. ఆ తర్వాత కూడా కొన్ని దశాబ్దాల పాటు, కొత్త సర్వే డిపార్ట్‌మెంటు వచ్చి మళ్ళీ కొలిచేదాకా, ఆ లెక్కలే ఆధారం.

ఇప్పుడు రెండో కథ. 1820 జూన్‌లో, మద్రాసులో కుంపిణీ కుర్ర ఉద్యోగులకి దేశభాషలు నేర్పే కాలేజీలో పట్టాలిచ్చే సభ జరిగింది. కొత్త గవర్నరు మన్రో మాట్లాడాడు. జనం భాష రాకపోతే జనం గురించి మీకేమీ తెలియదన్నది ఆ మాటల సారం. ఆ రోజు పట్టా తీసుకున్నవాళ్ళలో ఇరవై రెండేళ్ళు కూడా నిండని ఒక కుర్రాడు ఆ మాటల్ని మనసులో పెట్టుకున్నాడు. రెండు నెలల్లో అతన్ని కడప కలెక్టరు దగ్గర అసిస్టెంటుగా వేశారు. పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

బ్రౌన్ గురించి మీకు నేను చెప్పేదేముంది, నిఘంటువు అందరికీ తెలిసిందే. నేను చెప్పాలనుకున్నది ఆయన నడిపిన టీమ్ గురించి. మధ్యలో మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి, 1820ల చివర్లో మళ్ళీ కడపలో ఉన్నప్పుడు ఒక బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్నీ రాయసగాళ్ళనీ పెట్టుకుని పని మొదలుపెట్టాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవాళ్ళు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి దాని బాగోగులు చూసేవాడు. తర్వాత బ్రౌన్‌కి ఎన్ని ఊళ్ళకి బదిలీ అయినా కడపలో పని నడుస్తూనే ఉంది. వర్క్ ఫ్రమ్ హోమ్ మనమే కనిపెట్టామనుకుంటాం గానీ, తపాలా బంట్రోతు కాలినడకన పోయే రోజుల్లోనే దూరం నుంచి టీమ్ నడిపినవాళ్ళున్నారు.

వాళ్ళు పనిచేసిన పద్ధతి చూడండి. ఒక కావ్యం తీసుకుంటే ముందు దాని తాళపత్ర ప్రతులు దొరికినన్ని తెప్పించేవాళ్ళు. రాయసగాళ్ళు పద్యాలకి నంబర్లు వేసి, ఏ ప్రతిలో ఏ పాఠం ఉందో పక్కపక్కన రాసి, మధ్యమధ్య పేజీలు ఖాళీగా వదిలి ఒక కొత్త ప్రతి తయారుచేసేవాళ్ళు. తర్వాత తెలుగు, సంస్కృతం, వ్యాకరణం, ఛందస్సు తెలిసిన పండితులు కూర్చుని పద్యం పద్యం చర్చించి, ఏ పాఠం సరైందో తేల్చేవాళ్ళు. ఆ ఖాళీ పేజీల్లోకి వ్యాఖ్యానం ఎక్కేది. రోజూ వెర్షన్ కంట్రోలూ కోడ్ రివ్యూ చేసేవాళ్ళకి ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా. వేమన పద్యాలు 693 ఇంగ్లీషు అనువాదంతో సహా 1829లో అచ్చయ్యాయి, 1839లో 1,164 పద్యాలతో ఇంకో కూర్పు వచ్చింది. వసుచరిత్ర, మనుచరిత్రలు జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో వచ్చాయి. 1852 నాటికి నిఘంటువులు.

ఈ టీమ్‌లో వాళ్ళ పేర్లు మనకి తెలుసు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య, రావిపాటి గురుమూర్తి శాస్త్రి, పుదూరి సీతారామ శాస్త్రి. మన్రో గుమాస్తాలు నలుగురి పేర్లు ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఈ ఒక్క విషయంలో బ్రౌన్ పాసయ్యాడు. అయినా చివర్లో తన జీవితం గురించి రాసుకుంటూ, చచ్చిపోయి ఉన్న తెలుగు సాహిత్యాన్ని ముప్ఫై ఏళ్ళలో నేను బతికించానన్నట్టు రాశాడు. ఆ నేను అన్న చోట మేము అని ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది నాకు. నేనూ రెజ్యుమెలో అదే తప్పు చేశాను కాబట్టి ఆయన్ని ఎక్కువ అనలేను.

మన్రో టీమ్ వెనక సర్కారు ఖజానా ఉంది. బ్రౌన్ టీమ్ వెనక బ్రౌన్ జేబు ఉంది. జీతం చాలక అప్పులు చేశాడు. 1855లో ఆరోగ్యం చెడి మద్రాసు వదిలి వెళ్ళిపోయాక, ఆ పని అదే పద్ధతిలో కొనసాగించే జట్టు ఇంకొకటి లేదు. కడప బంగళా మెల్లగా పాడుబడి మొండిగోడలు మిగిలాయి. బ్రౌన్ మాత్రం తెలివిగా ఒక పని ముందే చేసి పెట్టాడు. సేకరించిన రాతప్రతుల్ని ఇంట్లో ఉంచుకోకుండా మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. అవి తర్వాత ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. టీమ్ పోయినా రిపాజిటరీ నిలిచింది.

ఆ మొండిగోడలున్న చోటే, ఎర్రముక్కపల్లెలో, ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు 1980లలో మొదలుపెట్టి, చందాలు పోగుచేసి, ఆఫీసుల చుట్టూ తిరిగి నిలబెట్టారు. ఆయన 2014లో పోయారు. అప్పటికే ఆ సంస్థని యూనివర్సిటీకి అప్పగించి ఉన్నారు కాబట్టి అది నడుస్తోంది. ఏ యూనివర్సిటీ అనుకున్నారు? యోగి వేమన విశ్వవిద్యాలయం. బ్రౌన్ వింటే సంతోషించేవాడు.

ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. మన్రో నేర్పించాడు, లెక్కలు మిగిలాయి, మనుషుల పేర్లు పోయాయి. బ్రౌన్ పేర్లు రాశాడు, పుస్తకాలు మిగిల్చాడు, కానీ తన తర్వాత జీతమిచ్చేవాణ్ణి మిగల్చలేదు. శాస్త్రి గారు తను బతికుండగానే పని ఇంకొకరి చేతిలో పెట్టారు. ఎవరిదీ నూటికి నూరు పాళ్ళు కాదు. కానీ ముగ్గురూ వెళ్ళిపోయాక వెనక్కి తిరిగి చూస్తే ఏదో ఒకటి ఉంది. నేను వెళ్ళిపోయాక వెనక్కి తిరిగి చూస్తే, కేక్ ఫొటో ఒకటి ఉంది.

ఇప్పుడున్న చోట కష్టమైన పని వచ్చినప్పుడు నా చేతులు ఇంకా కీబోర్డు వైపే పోతాయి. బలవంతాన ఆపుకుంటాను. పక్కన కూర్చుని చూస్తాను. వాళ్ళు రెండు గంటల పనికి రెండు రోజులు తీసుకుంటారు, పైనుంచి ఎస్కలేషన్ మెయిల్ వస్తుంది, తిట్లు నేను తింటాను. రిలీజ్ నోట్స్‌లో ఎవరు చేసిన పనికి వాళ్ళ పేరే రాస్తాను. ఈసారి మానేసే రోజున, నువ్వు లేకపోతే ప్రాజెక్టే లేదని ఎవరైనా అంటే, ఆ మాటకి పొంగిపోకుండా భయపడాలని నిశ్చయించుకున్నాను.

కిందటి వేసవిలో ఊరికి పోతూ పత్తికొండలో కాసేపు ఆగాను. మన్రో తోపు ఎక్కడని అడిగితే టీ కొట్టాయన చెయ్యి చాపి దారి చూపించాడు. ఆ నలుగురు గుమాస్తాల గురించి అడుగుదామనుకున్నా గానీ, ఏమని అడగాలో తెలియలేదు.